పాత కాగితాలు మా తరగతి గదికి చేరాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసింది చదివాను. ఈ కాలం పిల్లలకు చరిత్ర అంటే ఇష్టం లేదు, చెప్పే టీచర్లకూ ఇష్టం లేదు, తేదీలు బట్టీ పట్టించి పంపించేస్తున్నారు అని ఆయన బాధ. బట్టీ పట్టిస్తున్న మాట నిజమే, నేనూ చాలా ఏళ్లు పట్టించాను. ఇష్టం లేదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. తెనాలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో 19 ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. ఇష్టం లేక కాదు, చేతిలో సరుకు లేక మా పాఠాలు అలా తయారయ్యాయి అని చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, వీలైనంత వరకు కత్తిరించకుండా వేయండి.

రెండేళ్ల కిందట జరిగిన సంగతి. పదో తరగతికి 1929 నాటి ఆర్థిక మహామాంద్యం చెబుతున్నాను. ఇప్పుడు మన దగ్గరా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే కదా, ఇంగ్లిష్ ఒక పేజీ, తెలుగు ఒక పేజీ. అందులో అమెరికా సంగతి ఉంది, మన దేశం దగ్గరికి వచ్చేసరికి గోధుమ ధర సగానికి పడిపోయిన సంగతి, బెంగాల్ జనపనార రైతులు అప్పుల్లో కూరుకుపోయిన సంగతి ఉన్నాయి. పిల్లలు మొహాలు వేలాడేసుకుని వింటున్నారు. జనపనార చేను వాళ్లు ఎప్పుడు చూశారు గనక? మరి మన వడ్లు ఏమయ్యాయి టీచర్ అని ఒకడు అడిగాడు. మద్రాసు రాజధానిలో, అంటే అప్పట్లో మనం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా వడ్ల ధర సగానికి సగం పడిపోయిందని చెప్పాను, వాడు రాసుకున్నాడు, అయిపోయింది. అంతకు మించి నా దగ్గరా ఏమీ లేదు.

మర్నాడు ఒక అమ్మాయి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒక కాగితం తెచ్చింది. వాళ్ల ముత్తాత తాలూకు ప్రోనోటు. ఇంట్లో పెద్ద ట్రంకుపెట్టె అడుగున పొలం దస్తావేజులతో పాటు ఉండిపోయిందట. మడతల దగ్గర చిరిగిపోయి, పసుపుపచ్చగా, మూల మీద అయిదో జార్జి బొమ్మ ఉన్న అణా స్టాంపు. 1930 మార్చిలో రాసింది. కుటుంబ అవసరాల నిమిత్తం రొక్కం 200 రూపాయలు అప్పుగా పుచ్చుకున్నాను, వడ్డీ నెలకు నూటికి రూపాయి, తమరు కోరినప్పుడు చెల్లించగలవాడను అని ఉంది. కింద వేలిముద్ర, దాని పక్కన 'నిశాని' అని మరొకరి చేత్తో రాసి ఉంది. ఇద్దరు సాక్షులు.

అసలు కథ కాగితం వెనక వైపు ఉంది. చెల్లు వేసిన వరసలు, అంటే ఎప్పుడెప్పుడు ఎంత కట్టాడో రాసినవి. 1931 ఫిబ్రవరిలో 24 రూపాయలు, అంటే సరిగ్గా ఏడాది వడ్డీ. 1932 మార్చిలో 9 రూపాయల 8 అణాలు. ఆ తర్వాత రెండేళ్లు ఏమీ లేదు. 1934 ఫిబ్రవరిలో 2 రూపాయలు. 1936 డిసెంబర్‌లో 1 రూపాయి. చివరగా 1939లో అసలు సొమ్ము మొత్తం ముట్టినట్టు అప్పిచ్చినాయన సంతకం. అంతే, ఆరు వరసలు కూడా లేవు.

ఆ రోజు పీరియడ్ అయిపోయింది, తర్వాత లెక్కల పీరియడ్ కూడా మేమే తీసుకున్నాం, లెక్కల మాస్టారు కూడా వెనక బెంచీలో కూర్చున్నారు. మొదటి ఏడాది పూర్తి వడ్డీ కట్టినాయన రెండో ఏడాదికి పది రూపాయలు కూడా ఎందుకు కట్టలేకపోయాడు? పంట పోయిందా అన్నారు కొందరు. పంట పండినా ధర లేకపోతే అంతే కదా అని వడ్లు అమ్మే ఇంటి పిల్లాడు అన్నాడు. పుస్తకంలోని బెంగాల్ రైతు వాళ్లకు అప్పుడు కనపడ్డాడు. అయితే 1934లో రెండే రూపాయలు, 1936లో ఒక్క రూపాయి ఎందుకు? ఇది నాకూ వెంటనే తట్టలేదు. లెక్కల మాస్టారే చెప్పారు, మూడేళ్ల లోపు చెల్లు పడకపోతే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టులో పనికిరాదు, అందుకని అప్పిచ్చినాయన ఒకటో రెండో కట్టించుకుని నోటు బతికించుకున్నాడు అని. పిల్లలు మళ్లీ తేదీలు లెక్కపెట్టారు. సరిపోయింది. తేదీలు ఎందుకు ముఖ్యమో నేను 19 ఏళ్లుగా చెబుతున్నాను, ఆ రోజు వాళ్లంతట వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే చూశాను.

ఇంకా ఉంది. తొమ్మిదేళ్ల అప్పుకి చివర్లో వడ్డీ మాటే లేకుండా అసలు ఒక్కటే తీసుకుని నోటు ఎందుకు తిరిగి ఇచ్చేశాడు? అప్పిచ్చినాయన మంచివాడు అన్నారు సగం మంది. కావచ్చు. కానీ 1938లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణవిమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబర్‌కు ముందు చేసిన అప్పులకు 1937 అక్టోబర్ 1 నాటికి పేరుకున్న వడ్డీ బకాయి అంతా రద్దు, అసలు కడితే చాలు. ఇది నేను చెప్పేసరికి క్లాసులో ఒక్కసారిగా గోల. ఒక చట్టం వచ్చి ఒక ఇంట్లో ట్రంకుపెట్టె దాకా ఎలా చేరుతుందో వాళ్లు కళ్లారా చూశారు.

ఆఖరున ఆ అమ్మాయే ఇంకో విషయం పట్టుకుంది. ముందు మూడు చెల్లుల దగ్గరా వేలిముద్రే ఉంది, 1936 దాని దగ్గర మాత్రం వంకరటింకర అక్షరాలతో సంతకం ఉంది. "ముత్తాత సంతకం నేర్చుకున్నాడు టీచర్" అంది. కాదు, కొడుకు పెట్టి ఉంటాడు అని ఇంకొకరు. ఆ వాదన తేలలేదు. తేలాల్సిన పని కూడా లేదనుకుంటాను. ఏ ఆధారంతో ఆ మాట అంటున్నావు అని ఒకరినొకరు అడుగుతున్నారు చూడండి, బీఈడీలో మాకు చెప్పిన చరిత్ర పద్ధతి అంటే అదే. పదిహేడేళ్ల సర్వీసులో మొదటిసారి అది నా క్లాసులో జరిగింది.

ఇంత మంచి పాఠం నాకు దొరికింది కేవలం అదృష్టం వల్ల. ఆ అమ్మాయి ఇంట్లో ఆ పెట్టె తెరిచి ఉండకపోతే లేదు. నా బాధంతా ఇక్కడే. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో ఎంతమంది సోషల్ టీచర్లు ఉంటారు? అందరికీ ఇలా కాగితం కాళ్లు తెచ్చుకుని నడిచి రాదు. ఒకటి దొరికిన తర్వాత ఆశ పుట్టి నేనే వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది అది ఎంత పనో.

మొట్టమొదట, మన కాగితాలు మన దగ్గర లేవు. ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది కాబట్టి కలెక్టర్లు, రెవెన్యూ బోర్డు రాసుకున్నవి చాలా వరకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, అంటే సర్కారు పాత రికార్డులు దాచే చోట ఉన్నాయి. కొన్ని ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో. మనం చిన్నప్పటి నుంచి ఆర్కైవ్స్ అంటే హైదరాబాద్ తార్నాక అనుకుంటాం. అక్కడా ఉన్నాయి, కానీ ఆ బిల్డింగుకు పేరు తెచ్చింది ఎక్కువగా నిజాం కాలం నాటి రికార్డులు. ఒక టీచర్ వేసవి సెలవుల్లో సొంత డబ్బులతో చెన్నై వెళ్లి, అనుమతి తీసుకుని, కేటలాగు వెతికి, చేతిరాత ఇంగ్లిష్ చదివి, జూన్ 12 కల్లా పాఠం తయారు చేసుకోవాలంటే అయ్యే పనేనా?

రెండోది వెతకడం. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్ ఉంది, రిజిస్టర్ చేసుకుంటే ఇంట్లో కూర్చుని చూడొచ్చు. మంచి పని చేశారు. నేను అందులో గుంటూరు అని ఇప్పటి ఇంగ్లిష్ స్పెల్లింగుతో కొట్టి, కావాల్సింది రాక విసిగిపోయాను. ఆ కాలం కాగితాల్లో గుంటూరుకు చివర రెండు ఓలు పెట్టి రాసేవాళ్లు, కృష్ణాను కిస్ట్నా అనేవాళ్లు, విజయవాడ సరే బెజవాడే. పైగా గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో ఏర్పాటు చేశారు. మధ్యలో 45 ఏళ్లు తెనాలి గురించి ఏం కావాలన్నా కృష్ణా జిల్లా కింద వెతకాలి. రెవెన్యూ కాగితాల మీద ఫసలీ, అంటే పన్నుల లెక్కకు వాడే సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, ఫసలీ 1343 అంటే 1933 జూలైలో మొదలైన సంవత్సరం అన్నమాట. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా ఒక పేజీ మీద రాసి టీచర్లందరికీ ఇచ్చి ఉంటే నాకు ఎనిమిది నెలలు కలిసొచ్చేవి.

ఒక కార్యాలయానికి కూడా వెళ్లాను, పేరు ఎందుకులెండి. మా ఊరి పాత సెటిల్మెంటు రిజిస్టరులో (భూముల వివరాలు, పన్ను రాసిన పుస్తకం) ఒక్క పేజీ ఫొటో తీసుకోనివ్వండి, పిల్లలకు చూపిస్తాను అన్నాను. ఏ కేసు నిమిత్తం అని అడిగారు. కేసు కాదండీ పాఠం అంటే వాళ్లకు అర్థం కాలేదు. హెచ్‌ఎం గారి లెటర్ తెమ్మన్నారు, తెచ్చాను. డీఈవో గారి లెటర్ తెమ్మన్నారు. మూడోసారి వెళ్లేసరికి ఆ సీటు మనిషి మారాడు. అక్కడి వాళ్ల తప్పని నేను అనను, పాత రికార్డు అడిగేది పొలం తగాదా ఉన్నవాళ్లే అని వాళ్లకు అలవాటు. చదువు కోసం కూడా అడగొచ్చు, అడిగితే ఇవ్వొచ్చు అని చెప్పే ఒక చిన్న ఉత్తర్వు పైనుంచి రావాలి.

వేటపాలెం సారస్వత నికేతనం గురించి మాత్రం చెప్పి తీరాలి. తెనాలిలో పాసింజర్ ఎక్కితే బాపట్ల, చీరాల దాటగానే వేటపాలెం. 1918లో ఊరివాళ్లు పెట్టుకున్న గ్రంథాలయం అది. వందేళ్ల నాటి పత్రికలు కట్టలు కట్టి దాచారు, గాంధీగారి విరిగిన చేతికర్ర కూడా అక్కడ ఉంది. చీరాల పేరాల ఉద్యమం గురించి చదువుదామని నేను వెళ్లాను. మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే 1921లో ఊరు ఊరంతా ఇళ్లు వదిలి రామ్‌నగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడి నడిపించారు, ఇదంతా మనం వినే ఉంటాం. కానీ ఆ రోజుల పత్రిక పట్టుకుని, పెళుసెక్కిన కాగితం వేళ్ల కింద పొడి రాలుతుంటే చదివితే వేరు. ఆ వార్త పక్కనే మందుల ప్రకటనలు, నూలు ధరలు, వేరే ఊరి తిరునాళ్ల సంగతి ఉంటాయి. అప్పటివాళ్లకు అది చరిత్ర కాదు, ఆ వారం వార్త. పిల్లలకు చూపించాల్సింది అదే. పాత తెలుగు పత్రికలను ప్రెస్ అకాడమీ వాళ్లు కూడా స్కాన్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టారు, ఆ సంగతి మా స్టాఫ్ రూమ్‌లో ఒక్కరికీ తెలియదు. నాకూ వేటపాలెంలో పక్కన కూర్చుని చదువుకుంటున్న ఒక రిసెర్చ్ స్కాలర్ చెబితే తెలిసింది.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. మమ్మల్ని ఆర్కైవ్స్‌కు పంపించమని కాదు, ఆర్కైవ్స్‌ను మా దగ్గరికి పంపించమని. మూలాధారాలను ఉపయోగించండి అని మాకు ట్రైనింగుల్లో చెబుతూనే ఉన్నారు. స్లైడ్ మీద ఆ మాట వస్తుంది, రాసుకుంటాం, టీ తాగుతాం, సంతకం పెట్టి వస్తాం. ఏ ఆధారం, ఎక్కడుంది, ఎలా చదవాలి, 45 నిమిషాల్లో ఎలా చెప్పాలి, ఆ మాట మాత్రం రాదు. నాకు కావాల్సింది చాలా చిన్నది. ఒక కాగితం ఫొటో. దాని కింద అదే కాగితం చదవగలిగే అక్షరాల్లో టైపు చేసి ఉండాలి. ఇంగ్లిష్‌లో ఉంటే తేలిక తెలుగులో. అర్థం కాని పది మాటలకు అర్థాలు, అంటే పుట్టి ఎంత, తూము ఎంత, రూపాయికి ఎన్ని అణాలు, మిరాశీ అంటే ఏమిటి. ఎవరు ఎవరికి ఎందుకు రాశారో రెండు వాక్యాలు. ఏ తరగతి ఏ పాఠం దగ్గర వాడాలో ఒక్క వాక్యం. మూడు ప్రశ్నలు, నాలుగు కూడా వద్దు. ఇవన్నీ రెండు పేజీల్లో పడతాయి. జెరాక్స్ తీస్తే నాలుగు రూపాయలు కాదు. నాడు-నేడులో వచ్చిన ప్యానెల్ ఉన్న స్కూల్లో పెద్దది చేసి చూపించొచ్చు, స్టాంపు మీద ముద్ర కూడా కనపడుతుంది.

ఉదాహరణకు కైఫీయతులు తీసుకోండి. కల్నల్ మెకంజీ మనుషులు, కావలి సోదరులూ వాళ్ల కింద పనిచేసినవాళ్లూ, 1800 ప్రాంతాల్లో ఊరూరా కరణాల (ఊరి లెక్కలు రాసేవాళ్ల) దగ్గర రాయించుకున్న గ్రామ చరిత్రలు అవి. మన గుంటూరు సీమ గ్రామాలవి బోలెడు ఉన్నాయి, కొన్ని అచ్చు కూడా అయ్యాయి. పుస్తకం తెరిస్తే సోషల్ టీచర్ కూడా మొదటి పేజీ దగ్గరే ఆగిపోతుంది. మౌజే ఫలానా, సంతు గుంటూరు, సర్కారు ముర్తుజానగరు అని మొదలవుతుంది. ముర్తుజానగరు ఏమిటో చెప్పేవాళ్లు ఉండరు, గోల్కొండ వాళ్ల కాలంలో కొండవీటికి పెట్టిన పేరు అది. ఆ భాష కళ్లతో చదివితే అర్థం కాదు, గొంతు విప్పి గట్టిగా చదివితే సగం అర్థమవుతుంది, ఎందుకంటే మాట్లాడినట్టే రాశారు. యిది, వుండెను, చేశినారు, గన్కు. మా ఎనిమిదో తరగతి పిల్లాడు చదువుతుంటే మా నాయనమ్మ మాట్లాడినట్టుంది అన్నారు అందరూ.

ఇందులో ఒక చక్కటి చిక్కుముడి ఉంది, ఇది ప్రతి టీచరూ వాడుకోవచ్చు. చాలా కైఫీయతుల్లో గణపతి మహారాజు గారి ప్రధాని గోపరాజు రామన్న గారు సూర్యగ్రహణ కాలంలో ఊళ్ల కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) నిర్ణయించారని, అది శాలివాహన శకం 1067 అని ఉంటుంది. 78 కలిపితే క్రీస్తు శకం 1145. మరి పాఠ్యపుస్తకంలో కాకతీయ గణపతిదేవుడు రాజ్యం చేసింది 1199 నుంచి 1262 వరకు. యాభై ఏళ్లకు పైగా తేడా. పిల్లలకు ఇది చెప్పకుండా రెండు తేదీలూ బోర్డు మీద రాసి ఊరుకున్నాను. తీసివేత చేసి వాళ్లే పట్టుకున్నారు. అయితే కైఫీయతు అబద్ధమా అన్నారు. కాదు, ఆరేడు వందల ఏళ్ల కిందటి సంగతిని కరణాలు వాళ్ల కుటుంబాల్లో చెప్పుకున్నట్టు రాయించారు, పైగా రాయించేది కరణమే కాబట్టి కరణీకం తమకు ఎలా వచ్చిందో అదే మొట్టమొదట రాయించుకున్నాడు అని అక్కడికి చేరుకునేసరికి బెల్లు కొట్టారు. కాగితం మీద ఉంది కాబట్టి నిజం అని నమ్మే వయసు పిల్లలకి, ఫోన్లో వచ్చిన ప్రతి మెసేజీ నిజమే అనుకునే కాలంలో, ఇంతకంటే అవసరమైన పాఠం ఏముంది చెప్పండి.

ఇవి తయారు చెయ్యాలంటే ఆర్కైవ్స్ వాళ్లు ఒక్కళ్లే చాలరు, మేము ఒక్కళ్లమే చాలము. వాళ్లకు కాగితం తెలుసు, పదో తరగతి పిల్లాడు తెలియదు. మాకు పిల్లాడు తెలుసు, మోడీ లిపి (పాత మరాఠీ చేతిరాత) తెలియదు, పాత ఇంగ్లిష్ చేతిరాత తెలియదు. ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లు వేసవిలో ఎలాగూ ట్రైనింగులు పెడతారు కదా, అందులో మూడు రోజులు మాకు ఇవ్వండి. ఇరవై మంది సోషల్ టీచర్లు, నలుగురు రికార్డులు చదవగలిగినవాళ్లు, యూనివర్సిటీ నుంచి ఒకరిద్దరు. ఒక్కో టీచర్ ఒక్కో కాగితం తయారు చేసి లేవాలి, అంతవరకు ఇంటికి వెళ్లకూడదు. మూడు రోజుల్లో ఇరవై పాఠాలు వస్తాయి. అయిదేళ్లకు వంద. జాతీయోద్యమం పాఠంలో గూడెం కొండల అల్లూరి గారు ఉన్నారు, సంతోషం. పుల్లరి (అడవిలో పశువుల మేతకు పన్ను) కట్టం అని 1922లో మించాలపాడు దగ్గర తూటాలకు బలైన కన్నెగంటి హనుమంతు గారు లేరు. పెదనందిపాడు పన్నుల నిరాకరణ లేదు. 1921లో బెజవాడలో ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) కూర్చుని కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది, అదే ఊళ్లో చదువుకునే పిల్లలకు ఆ మాట తెలియదు. దేశమంతటి పుస్తకంలో ప్రతి జిల్లా పట్టదు, ఒప్పుకుంటాను. పట్టనిదాన్ని ఈ రెండు పేజీల కాగితాలు పూరించాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. రిటైరైన ఒక కరణం గారి కుటుంబం దయతో పాత భూమి రిజిస్టరు పేజీ ఒకటి దొరికింది. ఆశగా క్లాసుకు తీసుకెళ్లాను. పిల్లలు వాళ్ల వాళ్ల ఇంటిపేర్లు వెతుక్కుంటున్నారు, దొరికినవాళ్లు కేరింతలు. ఒక పిల్లాడు చివరిదాకా వెతికి, మా వాళ్ల పేర్లు ఏ పేజీలో ఉంటాయి టీచర్ అని అడిగాడు. వాళ్ల తాతముత్తాతలకు భూమి లేదు. ఆ పొలాలన్నీ దున్నింది వాళ్లే, ఆ రిజిస్టరులో వాళ్లు ఎక్కడా లేరు. పైగా ఆ పేజీలో కులాల పేర్లు ఇప్పుడు మనం పలకకూడని విధంగా రాసి ఉన్నాయి. నేను ముందు చూసుకోలేదు. ఆ పూట నా దగ్గర సమాధానం లేదు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు వాడినే అడిగాను, మీ నాయనమ్మను అడిగి కోతల రోజుల్లో కూలి ఎలా ఇచ్చేవాళ్లో రాసుకురా అని. వాడు రెండు పేజీలు రాసుకొచ్చాడు. వడ్లు ఏ కొలతతో కొలిచేవాళ్లో, కొలిచేటప్పుడు మానిక మీద చెయ్యి ఎలా అడ్డం పెట్టి తగ్గించేవాళ్లో, ఇంటికి తెచ్చి మళ్లీ కొలిస్తే ఎంత తరుగు వచ్చేదో. రిజిస్టరు పేజీ పక్కన వాడి నోట్‌బుక్ పేజీ గోడకు అంటించాం, రెండూ ఒకే సైజులో జెరాక్స్ తీసి. సర్కారు కాగితంలో ఎవరు ఉంటారు, ఎవరు ఉండరు, లేనివాళ్ల సంగతి ఎక్కడ వెతకాలి అన్నది టీచర్‌కు ముందే తెలిసి ఉండాలి. కాగితంతో పాటు ఆ హెచ్చరిక కూడా రాసి పంపమని అందుకే అంటున్నాను. అది లేకుండా ఉత్త స్కాన్‌లు పంపితే మేలు కన్నా కీడు ఎక్కువ జరగొచ్చు.

ఇక పరీక్ష. ఎంత చెప్పినా మార్కులు లేనిదాన్ని మా స్కూళ్లలో ఎవరూ పట్టించుకోరు, తల్లిదండ్రులు అసలు ఒప్పుకోరు. ఎఫ్ఏ పరీక్షల్లో, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల్లో ఒక్క ప్రశ్న, పిల్లలు ఇంతకుముందు చూడని ఒక చిన్న కాగితం ఇచ్చి, ఇది ఎవరు రాసి ఉంటారు, దీన్నిబట్టి ఏం తెలుస్తోంది, ఏం తెలియడం లేదు అని అడిగితే చాలు. అయిదు మార్కులు పెట్టండి. మర్నాటి నుంచి ప్రతి స్కూల్లో సోషల్ టీచర్లు ఆధారాల కోసం పరుగులు పెట్టకపోతే అడగండి.

పాఠకులకు కూడా ఒక విన్నపం. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు, పెద్దవాళ్లు పోయాక పెట్టెలు ఖాళీ చేసేటప్పుడు, కాగితాలు చిత్తు కింద తూకానికి వేసే ముందు ఒక్కసారి చూడండి. కరణీకాలు 1984లో పోయాక ఎంతో మంది ఇళ్లలో కవిలె కట్టలు (ఊరి లెక్కల కాగితాలు) అటక మీదే ఉండి చెదలు తినేశాయి. మాకు అసలు కాగితం అక్కర్లేదు, అది మీ ఇంట్లోనే ఉండాలి. ఫోన్‌తో వెలుతురులో ముందు వెనక రెండు ఫొటోలు, వెనక వైపు తప్పకుండా తియ్యండి. మీ ఊరి హైస్కూల్లో సోషల్ టీచర్‌కు పంపండి. పేర్లు బయటికి రావడం ఇష్టం లేకపోతే చెప్పండి. మా క్లాసు అమ్మాయి చేసినట్టు పేర్ల మీద చిన్న చీటీ ముక్క పెట్టి జెరాక్స్ తీస్తే సరిపోతుంది, పాఠానికి ఏ లోటూ రాదు.

నా దగ్గర ఇప్పటికి నాలుగు తయారయ్యాయి. ప్రోనోటు, కైఫీయతు పేజీ, చీరాల పేరాల నాటి పత్రిక పేజీ, రిజిస్టరూ నాయనమ్మ మాటలూ కలిపినది. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లం కలిసే వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కు ఇరవై సెట్లు తీసుకెళ్తున్నాను. తోటి సోషల్ టీచర్లు ఎవరి దగ్గర ఏముంటే అది తీసుకురండి, ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుందాం.

ఇట్లు,
ఒక సోషల్ ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా